నా ఒక్కడి పరుపు

అన్నా,

నాకు పద్దెనిమిది నిండాయి. అమ్మా నాన్నా పోయాక మనల్ని చేర్చిన హోమ్ నుంచి నిన్ననే బయటికి వచ్చాను. నీకు పద్దెనిమిది నిండిన రోజు ఒక దుప్పటి, స్టీలు పళ్ళెం చేతికిచ్చి గేటు దాకా సాగనంపారు. నన్ను మాత్రం ఆఫీసు మేడమ్ ఆటోలో ఉన్ అనే బస్తీకి తీసుకొచ్చి గది ఇప్పించింది. చదువు అయ్యేదాకా కిరాయికీ తిండికీ సర్కారు డబ్బు నెలనెలా నా ఖాతాలో పడుతుందట.

ఆమెకు తెలుగు రాదు, అందుకని మా అన్నకెందుకు ఇవ్వలేదని హిందీలో అడిగాను. ఆమె కిటికీ గడియ సరిచూస్తూ, అతని తరపున ఎవరూ అడగలేదంది. అడగొచ్చని నీకు చెప్పిందెవరు గనక!

జోల్వాలోని బట్టల మిల్లులో నువ్వు పగలంతా మగ్గాల దగ్గర ఉండి, రాత్రి గదిలో నైట్ డ్యూటీవాడు లేచి వెళ్ళాక అతని పరుపు మీదే పడుకునేవాడివి. ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చి నవ్వుతూ చెప్పేవాడివి.

"నా పరుపు ఎన్నడు సల్లగుండది తమ్మీ. నేను పొయ్యేసరికి ఎవడో ఒకడు గరం జేసి పెడ్తడు."

నేనూ నవ్వేవాడిని. జ్వరంతో ఉన్నప్పుడు కూడా, పొద్దున డ్యూటీ దిగి వచ్చినవాడికి పరుపు వదిలి, నువ్వు బయట మెట్ల మీద కూర్చునేవాడివట. నువ్వు చనిపోయాక నీ గదివాళ్ళే చెప్పారు.

మేడమ్ కొత్త పరుపు కూడా ఇప్పించింది. మధ్యాహ్నం తలుపు వేసుకుని పడుకున్నాను. లేవమని ఎవరూ అనలేదు.

చల్లగా ఉందన్నా.