లేవని బంతి

2 ఫిబ్రవరి 1997, ఆదివారం
చర్చి అయినాక ఉదయగిరి నుంచి ఆత్మకూరు బస్సు. క్లబ్బు వెనక మట్టి టెన్నిస్ కోర్టు. మోకాలి ఆపరేషన్ తర్వాత కరుణ మళ్ళా రాకెట్ పట్టింది. ఆడొచ్చు, పరిగెత్తకూడదు, వంగకూడదు — నెల్లూరు డాక్టరు మాట. కాలేజీ టీములో ఆడిన మనిషి. నేను పెళ్ళయినాక ఆమె దగ్గర నేర్చుకున్నోణ్ణి. నా బ్యాక్‌హ్యాండ్ బంతులన్నీ కంచె దాటినాయి. ఆమె నిలబడి చూస్తా ఉండాది...
"బంతిని కోసినట్టు కొట్టే స్లైస్ నేర్చుకోండి. నిదానంగా వస్తాది, నేనందుకుంటా."

5
బ్యాంకు నుంచి వచ్చి బడి గోడకేసి బంతి కొట్టినా. కొండ మీద ఎండ పోయిందాకా. కరుణ కుర్చీలో. "సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోండి. భుజం తిప్పండి. పైనుంచి కిందికి..." మణికట్టు విదిలిస్తున్నానంట. లేచొచ్చి నా చెయ్యి పట్టుకొని తిప్పి చూపించింది. రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నారు. వదల్లా.

6
అత్త, కరుణ వాళ్ళమ్మ, వింజమూరు నుంచి వచ్చింది. "కాలు బాగలేని బిడ్డకు ఇంగా ఆటలేందయ్యా?" పక్క గదిలో కరుణ వినింది. అన్నం సరిగా తినలా.

9, ఆదివారం
నా స్లైస్ గాల్లో తేలిపోయి ఆమె నడుము ఎత్తుకు లేస్తా ఉండాది. నిలబడిన చోటే కొట్టింది. బస్సులో నా భుజం మీద నిద్ర. బాగుండాదనుకున్నా. దిగేటప్పుడు అనింది — "పాపమని లేపి వేస్తున్నారు గదా?"
నాకు వచ్చేదే అంత అన్నా. నమ్మలా.

14
సరైన స్లైస్ వచ్చింది! ముందుకాలు వేసి, మణికట్టు బిగించి... బంతి నేలను రాసుకుంటా పోయింది. కరుణకు చెప్పలా.

16, ఆదివారం
కోర్టులో అదే పడింది. వల దాటి, జారి, లేవలా. కరుణ వంగింది. వంగకూడదు. అయినా అందుకొని గీత మీద వేసింది — అట్నే మోకాలు పట్టుకొని కూలబడింది.
ఉరికినా. "తప్పయింది కరుణా, నేను..."
"ఊరుకోండి." కళ్ళల్లో నీళ్ళు, మొహం నిండా నవ్వు. "పెళ్ళయినాక ఇప్పుడు గదా మీరు నాతో ఆడింది!"

17
మోకాలు వాచింది. సోడా అంగట్లో ఐసు తెచ్చి పెట్టినా. అత్త నాతో మాట్లాడ్డంలా. కరుణ మాత్రం — "ఆదివారం గూడా అట్నే కొట్టాల. పైకి లేపినారంటే రాకెట్ పారేసి వచ్చేస్తా."

23, ఆదివారం
వాపు తగ్గింది, పూర్తిగా కాదు. డాక్టరు దగ్గరికి పోదామంటే వినదు. అద్దం ముందు జడ బిగించుకుంటా కూనిరాగం. ఈ ఇంట్లో ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో...
కింద కొట్టాల్నా, లేపాల్నా —
బయట నుంచి పిలుస్తా ఉండాది. "ఏంది ఆ రాసేది? బస్సొచ్చేసింది!"