మా పడవ మునిగింది

అక్కా,

మా పడవ మునిగింది! కంగారు పడకు, సంతోషంతోనే రాస్తున్నాను.

వడ్రంగం, పడవలు కట్టడం ఉచితంగా నేర్పే సేవాసంఘంలో చేరానంటే "ఈ వయసులో నీకెందుకే ఉలీ సుత్తీ" అన్నావుగా. నిన్న మేమంతా కలిసి కట్టిన పడవని నీళ్ళలోకి దించాం. దించీ దించగానే పలకల సందుల్లోంచి బుడబుడమని నీళ్ళు! లోపలికి దూకి అన్నం డబ్బాతో తోడిపోయడం మొదలుపెట్టాను. ఒడ్డున అందరూ పడీ పడీ నవ్వుతున్నారు.

"తోడకమ్మా, తాగనీ! ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బితేనే సందులు మూసుకునేది" అని మాకు పని నేర్పే మేస్త్రీ ఒకటే కేకలు. ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా? చెప్పాడట. నేనే చిత్రిక పట్టే ధ్యాసలో వినలేదట!

ఇప్పుడది పీకల్దాకా తాగి రేవులో హాయిగా పడుకుంది. ఆదివారం పైకి తీసి, నీళ్ళు తోడేసి, షికారుకి వెళ్తాం. నువ్వూ రావాలి. ఆపరేషన్ అయినప్పటి నుంచి గడప దాటలేదు నువ్వు. ఒడ్డున నిలబడి చూస్తానంటే ఊరుకోను.

అందులో ముందు బల్ల నేనే చేశాను. బెత్తెడు ఎత్తు ఎక్కువైందని మేస్త్రీ విసుక్కున్నాడు. "మా అక్క మోకాలు వంగదండీ" అన్నాను. వెంటనే వెళ్ళి, ఆ ఎత్తుకి పడవ ఒరగకుండా అడుగున వేయడానికి రాళ్ళు ఏరుకొచ్చాడు.

ఆ బల్ల మీద నేను కూర్చుని చూశానే. నా కాళ్ళు కింద ఆనడం లేదు.

నీ పొట్టి చెల్లి