చుక్కల పెట్ట తప్పేమీ లేదు

నా పేరు పిల్లమ్మ. కాలం చేసిన ఈరప్ప భార్యను. ఆధార్ కార్డులో డెబ్బై నాలుగేళ్ళని ఉంది, ఇంకో మూడు కలుపుకోవచ్చు. తళి దారిలోని మన ఇంట్లో కొడుకు హరి, కోడలు ప్రవీణ, నేను ఉంటున్నాం. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే పక్కింటి పరిమళ టీచరమ్మ రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే మాట తీసుకున్నాను.

మనవడు విఘ్నేష్‌కు అవ్వ ఆశీర్వాదం. ఇక్కడ మనుషులం ముగ్గురం, ఆవూ దూడా, నీ పావురాలు పదకొండూ బాగున్నాం. పన్నెండోదాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. పోలీసు ట్రైనింగులో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

నెలకొక ఆదివారం నీకు పది నిమిషాలు ఫోను ఇస్తారు. అవి మీ అమ్మ ఏడుపుకే చాలవు, నాకు వంతు రాదు. పైగా ఫోనులో అన్న మాటకు సాక్ష్యం ఉండదు. ఇప్పుడు నేను చెప్పేదానికి సాక్ష్యం కావాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వాన రెండుసార్లు పడింది, రాగి పైరు తేరుకుంది. మీ అమ్మకు నడుము నొప్పి తగ్గింది, గులాబీల షెడ్డుకు మళ్ళీ పనికి పోతోంది. నా మోకాళ్ళ సంగతి అడిగావు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, అంతే. బూట్లు కరుస్తున్నాయని రాశావు కదా, పడుకునే ముందు మడమలకు ఆముదం రాసుకో.

ఇక నీ ఉత్తరం చివర రాసిన మాట. "కాళ్ళు పడిపోయిన పిల్లను ఉంచొద్దు, మెడ తిప్పేయండి. చుక్కల పెట్టది, నీలి మగదానిది రక్తం మంచిది కాదు. మాదప్ప మామ ఆదివారం వస్తాడు, ఆ జతను ఇచ్చి పంపండి." టీచరమ్మ చదువుతుంటే నమ్మలేక ఇంకోసారి చదవమన్నాను. రెండోసారీ అదే ఉంది.

దీనికి నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను. మధ్యలో కోపమొచ్చినా చివరిదాకా చదువు.

రెండు గుడ్లలో ఒకటి మురిగిపోయింది, ఒకటే పిల్ల అయింది. పదో రోజుకు దాని కాళ్ళు చెరో పక్కకు జారిపోయి, కప్పలాగా పొట్ట మీద పడి ఉంది. మీ అమ్మ నీకు ఫోనులో చెప్పింది అంతవరకే. ఆ తరువాతది నీకు తెలియదు. ఆ గురువారం దాన్ని అన్నం క్యారియరులో గడ్డి వేసి పెట్టుకుని, మూత కొంచెం తెరిచి, ఒక్కదాన్నే హోసూరు బస్సెక్కాను.

"ఏముందవ్వా అందులో, సద్దా?" అని కండక్టరు అడిగాడు.

"సద్దే అప్పా. కానీ నిన్నే చూస్తా ఉండాది," అన్నాను. మళ్ళీ నా వైపు రాలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, నీ ఈడుది. అయినా నవ్వలేదు. కాళ్ళను వేళ్ళతో సవరించి చూసి, "ఎముక యాడా విరగలేదవ్వా. జారి జారి కాళ్ళు అట్లే బిగుసుకుంటా ఉండాయి. ఇంకో వారం ఆలస్యమై ఉంటే ఎముక ముదిరిపోయేది. ఇది దేని మీద కూర్చుంటుంది?" అని అడిగింది. నేనొక జవాబు చెప్పాను. ఆ జవాబు సంగతి తరువాత.

ఆమె మెత్తటి టేపుతో రెండు కాళ్ళనూ కలిపి కట్టింది, మధ్యలో నా చిటికెన వేలు దూరేంత ఎడం వదిలి. మూడు రోజులకొకసారి టేపు మార్చమని, గరుకైన గుడ్డ పరిచిన ఇరుకు గిన్నెలో కూర్చోబెట్టమని, పొద్దుటి ఎండ తగలనివ్వమని చెప్పింది. సత్తు గిన్నెలో గోనెపట్ట వేసి, గిన్నెను గూట్లోనే పెట్టాను. కోడిగుడ్డు పెంకులు నూరి పెద్దవాటి గింజల్లో కలిపాను. పూటకు మూడుసార్లు ఆ కాళ్ళను నా వేళ్ళ మధ్య పెట్టుకుని మెల్లగా ముడిచి, చాచి, నిలబెట్టాను. పడేది. మళ్ళీ నిలబెట్టేదాన్ని. నా మోకాళ్ళకు కూడా నేను ఇంత చేయలేదు.

ఇంకో సంగతి రాయించుకుంటున్నాను, గుర్తు పెట్టుకో. ఇన్ని రోజుల్లో చుక్కల పెట్టా నీలి మగదీ ఒక్క పూట కూడా దాన్ని మేపడం మానలేదు. నువ్వు రక్తం మంచిది కాదన్నది వీటినే.

మీ అమ్మ ఊరుకుంటుందా? "మీ కొడుకు కాలు విరిగినప్పుడైనా ఇంత సేవ చేసినారా అత్తా?" అంది.

"వాడు చింతచెట్టు ఎక్కి ఇరగ్గొట్టుకున్నాడు. ఇదేం తప్పు చేసిందే?" అన్నాను. అన్నాక దాని ముఖం చూడలేక గిన్నె వైపు తిరిగాను.

ఈరోజు పొద్దున, అన్నట్టే, పందెం పావురాలు పెంచే మాదప్ప గంప తీసుకుని వచ్చాడు. గిన్నెలోంచి పిల్లను తీసి, తలకిందులు చేసి చూశాడు.

"పెద్దమ్మా, దీన్నేం చేసుకుంటావు? పందేనికి పోదు. రేపు జత కట్టేదీ అనుమానమే."

"నాకూ మోకాళ్ళు లేవు. నన్ను యాడ ఇడిసిపెట్టి వస్తావు?"

"అది కాదమ్మా. వాడు చెప్పినాడు, నేను వచ్చినాను. పోలీసోడి మాట."

"వాడింకా పోలీసు కాలేదు. కూర్చో ఈడ."

లోపలికి పోయి తవుడు మూట కింద దాచినదాన్ని తెచ్చి వాడి ముందు వేశాను. విఘ్నేషూ, నీకు చెప్పాల్సింది ఇదే. గూళ్ళు శుభ్రం చేసే పని నువ్వు నాకు అప్పజెప్పి పోయావు. రెట్ట చూస్తే నాకు వాంతి వస్తుందని తెలుసు కదా. మీ అత్త కూతురు నందిత చెవులు కుట్టిన రోజు కట్టిన ఫ్లెక్సు మిగిలితే గుండ్రంగా కత్తిరించి ఆ జత గుడ్లు పెట్టే మూకుట్లో పరిచాను. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే అద్దంలాగా అయ్యేది. చుక్కల పెట్ట రోజూ పుల్లలు తెచ్చి దాని మీద వేసేది. చెత్త అని నేను రోజూ ఏరి పారేసేదాన్ని. పుట్టిన పిల్లకు కాలు ఆనడానికి పట్టు లేకుండా చేసింది నేను. దాని తల్లి చెబుతూనే ఉంది, నేను వినలేదు.

కాళ్ళు జారిన రోజే నాకు అనుమానం వచ్చింది. మీ అమ్మ అడిగితే "జాతి మంచిది కాదు" అన్నాను. మీ అమ్మ నీకు చెప్పింది నా మాటే. దేని మీద కూర్చుంటుందని డాక్టరమ్మ అడిగితే "గడ్డి మీద" అన్నాను. ఇంటికి వచ్చి, ఎవరూ చూడకుండా ఫ్లెక్సు తీసి దాచాను. నా తప్పు నోరులేని జత మీదికి పోతుంటే ఇన్ని రోజులు చూస్తూ ఊరుకున్నాను. ఎన్నడూ ఎవరికీ తలవంచని దాన్ని, నీకు తలవంచి చెబుతున్నాను.

మాదప్ప ఫ్లెక్సు మీద చేయి వేసి జార్చి చూశాడు. "ఇట్లాంటి దాని మీద నా పావురాలైనా ఇంతేలే పెద్దమ్మా," అన్నాడు. తనే టేపు విప్పాడు. పిల్ల గోనెపట్ట మీద నిలబడింది. కుడి కాలు చక్కగా ఉంది. ఎడమ కాలు వేళ్ళు ఇంకా బయటికే తిరిగి ఉన్నాయి. రెండు అడుగులు వేసి పడింది. ఎవరూ పట్టుకోకుండా లేచింది. మళ్ళీ టేపు కట్టాం, ఇంకో వారం ఉంచాలి. అది పూర్తిగా నయమవుతుందని నేను ప్రమాణం చేయను. నయమయ్యేదాకా వదలనని చేస్తాను.

నీ జవాబు వచ్చేవరకు జతను ముట్టనని మాదప్ప ఒప్పుకున్నాడు. పావురాలు నీవి, తీర్పు నీది. కానీ నువ్వు తీర్పు చెప్పింది నా అబద్ధం విని. రేపు ఒంటి మీద ఖాకీ బట్ట పడ్డాక కూడా ఒక నోటి మాట విని ఒకరి మెడ మీద చెయ్యి వేయకు. వాళ్ళ కాళ్ళ కింద ఎవరు ఏం పరిచారో ముందు వంగి చూడు. జత మన ఇంట్లోనే ఉంటుందని నీ చేత్తో రాసి పంపు. పిల్ల మాత్రం నీ లెక్కలో లేదు. దాన్ని నాకు వదిలేయి.

ఇట్లు,
నీ అవ్వ

పిల్లమ్మ ఎడమ బొటనవేలి ముద్ర. చదివి వినిపించగా విని, సరేనని వేసినది.

సాక్షులు:
మాదప్ప. ఫ్లెక్సు కళ్ళారా చూసినాను.
ప్రవీణ, కోడలు. జాతి మంచిది కాదని చెప్పింది అత్తే. ఈ రోజు మా అందరి ముందరా తప్పని ఒప్పుకునిందీ అత్తే.