డిబ్బీలో చెల్లని పావలాలు

గురువారం, రాత్రి

సాయంత్రం 4.10కి ఎడిటర్ గారు పిలిచి, నెలాఖరుతో నా ఉద్యోగం ఆఖరని చెప్పారు. నాకు యాభై ఏడేళ్లు. చిన్న వయసులోనే పెట్టుబడి మొదలుపెట్టండని పాఠకులకు ఎన్నిసార్లు రాశానో. నేను మాత్రం జేబులో మిగిలిన చిల్లర డిబ్బీలో వేస్తూ వచ్చాను.

ఇంటికొచ్చి దాన్ని పగలగొట్టాం. సగానికి పైగా పావలాలే. నా భార్య సుజాత ఒకటి తీసి చూసింది.

"ఇవి చెల్లవని పేపర్లో రాసింది మీరే కదండీ!"

ఇద్దరం నవ్వాం. కాసేపటికి, "మరి నా షుగర్ మందులకెలాగండీ?" అంది. చెల్లే చిల్లర వేరుచేసి లెక్కపెట్టాను.

రేపు పదింటికి కడియంలో నర్సరీ కూలీలకు పింఛను పథకంపై సభ. వెళ్లేది వార్త కోసమే. ఏ వయసు వరకు చేర్చుకుంటారో మాత్రం నా కోసం అడగాలి.