తొట్టి దాటిన పువ్వు

జనగామ తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు, మొగిలికుంట గ్రామ కాపురస్తుడు ఈదునూరి దేవదాసు వ్రాసుకొను అర్జీ.

తేదీ: 6 ఫిబ్రవరి 1950

అయ్యా,

విషయం: మా ఊరి పెద్దచెరువు తూము మూసుకుపోయిన నేరమునకు నీరడి ఎర్రయ్యను నిర్బంధించుట గురించి, సదరు నేరము అతనిది కాదనుట గురించి, ఎవరిదో తెలుపుట గురించి.

1. తూము తెరిచి, మూసి, వంతుల వారీగా పొలాలకు నీళ్లు వదిలే పని ఎర్రయ్యది. అతని తాతల నాటి నుంచి అది ఆ ఇంటివారి పనే. గత నెల పద్దెనిమిదవ తేదీన అతను తూము దగ్గర మెడలోతు నీళ్లలో, రెండు చేతుల నిండా ఆకుతో నిలబడి ఉండగా క్యాంపు పోలీసు వారు పట్టుకొనిపోయినారు. దొరల మీద తిరగబడిన సంఘం వాళ్ల మాట మీద, తిరిగి వచ్చిన దొరవారి యాసంగి వరి ఎండబెట్టుటకు ఆకును తూములో కుక్కుచున్నాడని ఫిర్యాదు. అతను కుక్కుట లేదు, పీకుచున్నాడు. గట్టు మీది నుంచి చూసేవారికి రెండూ ఒకటే తీరుగా కనపడునని ఒప్పుకొనుచున్నాను. నేటికి పందొమ్మిది దినములు.

2. సదరు ఆకు మా దేశపుది కాదు. గుర్రపు డెక్క ఆకారంలో ఉండుటచే బెస్తవారు దానిని గుర్రపుడెక్క అంటున్నారు. మొన్నటి వానలకు చెరువు కట్ట నుంచి అవతలి గట్టు దాకా పచ్చగా మూసుకుపోయినది. తండాలోని జాల్యా అనేవాని ఎద్దు అది పచ్చిక బయలనుకొని దిగింది, మళ్లీ లేవలేదు. వల పడదు. చాకిరేవు బండ దగ్గర నీళ్లు కనపడవు. తూములో ఆకు చిక్కి నీళ్లు రాక, కింద నాటిన నాట్లు ఎర్రబడుచున్నవి. వాటిలో ఎర్రయ్య అరెకరం కూడా ఉన్నది. ఫిర్యాదు చేసినవారు ఆ మాట వ్రాయుట మరిచినారు.

3. ఈ ఆకు ఎట్లు వచ్చినదో తెలియదని, దైవికమని, మొన్న ఒక అర్జీ వ్రాసి చించివేసితిని. ఎవరో తెలియక చేసినారని నిన్న ఒకటి వ్రాసి చించివేసితిని. ఇక ఈ ఒక్క కాగితమే మిగిలినది కనుక ఇందులో నిజమే వ్రాయవలసి ఉన్నది.

4. దొరవారి గడీ వెనుక వాకిట్లో ఒక రాతి తొట్టి ఉండేది. అక్కడికి ఊరివాళ్లకు ప్రవేశం లేదు. ఏటేటా ఎండాకాలం పట్నం నుంచి పిట్టల సాయిబు అనే వర్తకుడు వచ్చి, దొరల ఇళ్లకు పరదేశపు జీవాలను అమ్మి పోయేవాడు. తెల్ల ఎలుకలు, రంగురంగుల పిట్టలు, ఒకసారి ఒక తాబేలు. మా దొరసాని గారికి తొమ్మిది బంగారు రంగు చేపలను, వాటికి నీడగా ఊదా పువ్వు పూసే ఒక నీటిమొక్కను అమ్మినాడు. విలాయతి తామర అన్నాడు.

వాటికి వెట్టి నాది. దినం రెండు కడవల కొత్త నీళ్లు పోయాలి. మావాళ్లు గడీ బావిని ముట్టరాదు కనుక వేరొకరు చేది, నా కడవలో పైనుంచి పోసేవారు. నా కడవలో పడిన నీళ్లు మనుషులకు పనికిరావు, చేపలకు పనికివచ్చేవి. ఆ తొమ్మిదింటి మీద నాకు ప్రేమ ఉండేదంటే తాము నవ్వుతారేమో.

మొక్కను అమ్మిన నాడే సాయిబు నన్ను పక్కకు పిలిచినాడు.

"చూడు దేవదాసు, గిది మంచి మొక్క కాదు. జుమ్మా జుమ్మాకు సగం తీసి, ఎండవెట్టి కాలవెట్టు. తొట్టి దాటనియ్యకు. దాటిందంటే మళ్ల ఎవని తరం గాదు."

"మరి ఎందుకు అమ్ముతున్నవు సాయిబూ?"

"పువ్వు జూసి కొంటరు. వేరు ఎవరు జూస్తరు?"

ఆరేళ్లు ప్రతి శుక్రవారం కాల్చినాను. కనుక "తెలియక" అను మాట అబద్ధము.

5. పోలీసు చర్యకు ముందటి ఏడు, వానలు మొదలైనంక, దొరవారు కుటుంబంతో పట్నం వెళ్లిపోయినారు. సంఘం వాళ్లు గడీ ముందర కూర్చుని, ఎవరు దేనికి వెట్టి చేసినారో అది వాళ్లదే అని తీర్పు చెప్పినారు. దున్నినవాళ్లకు ఎడ్లు, కాసినవాళ్లకు గొర్లు. నా వంతు వచ్చేసరికి ఎర్రయ్య లేచి, "మా దేవదాసన్నకు చేపలియ్యుండ్రి!" అన్నాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వినాను. నా గుడిసెలో చేపలకు చోటెక్కడిది? ఊరందరివీ కానిమ్మని కడవలో తెచ్చి చెరువులో పోసినాను. వారం తిరగకముందే వాటిని కొరమట్టలు మింగినట్టున్నవి.

కడవ అడుగున మొక్కను కూడా పెట్టి పోసినానని ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లు కాల్చి కాల్చి, ఒక్కసారి దానిని దాని ఇష్టానికి పెరగనిచ్చి చూడాలనిపించింది. ఆ నెలలో ఊళ్లో అందరికీ విడుదలైంది కదా.

6. ఆ ఏడు బతుకమ్మ పండుగకు చెరువు మూలన ఊదాపూలు గుత్తులు గుత్తులుగా పూసినవి. మేము క్రీస్తువారము, బతుకమ్మ ఆడము. ఆడినా, మా చేతి పువ్వు పెద్దిళ్ల బతుకమ్మలోకి పోయేది కాదు. కానీ అది సంఘం ఏడు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు కట్ట మీద నిలబడి, "దేవదాసన్నా, జర నాలుగు పూలు తెంపియ్యవా?" అన్నారు. నడుము లోతు దిగి తెంపినాను. కింద పెట్టుమనలేదు. నీళ్లు చల్లలేదు. నా చేతిలో నుంచే తీసుకొన్నారు. ముప్పై రెండేళ్ల బతుకులో అది మొదటిసారి.

"ఏం పువ్వే ఇది, ఎక్కడిదన్నా?" అంటే, గడీ పువ్వంటే పారేస్తారని, "గంగమ్మ ఇచ్చింది" అన్నాను. క్రీస్తువాడిని, ఆ మాట అన్నాను.

తంగేడు మీద గునుగు, దాని మీద బంతి, అన్నిటికీ పైన నా పువ్వు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కూడా వచ్చినారు. ఎవరికీ లేదనలేదు. పువ్వు దారిలో వాడిపోతుందని, వేరుతో సహా పీకి తడిగుడ్డలో చుట్టి ఇచ్చినాను. పండుగ చివరన సద్దుల నాడు బతుకమ్మలను నీళ్లలో విడుచుట తమకు తెలిసినదే. ఎవరి ఊరి చెరువులో వాళ్లు విడిచినారు. నేడు మా చుట్టూ ఏడు చెరువులలో ఈ ఆకు ఉన్నది. గంగారం అడవి దిక్కున ఒక కుంటలో కూడా ఉన్నదని వింటున్నాను. ఏ చెరువును మూసినదైనా నేను కట్టి ఇచ్చిన మూటే.

సాయిబు మాట యాదికి రాలేదా అని తాము అడుగుదురు. వచ్చింది. ప్రతి మూట కట్టేటప్పుడూ వచ్చింది. వద్దంటే ఆ చేతులు మళ్లీ నా ముందు చాపరని భయపడి కట్టినాను. దీనికి సిగ్గుపడుచున్నాను. అంతకన్నా సరైన కచేరి మాట నాకు దొరకలేదు.

7. శనివారం నాడు ఎర్రయ్య భార్య లచ్చవ్వ ఒక సొరకాయ పట్టుకొని మా ఇంటికి వచ్చింది. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివినవాడిని నేనొక్కడినే మా వాడలో.

"దేవదాసన్నా, నీకు అచ్చరాలు వస్తయి. మా ఆయన ఏ పాపం ఎరుగడని గట్టిగ రాయి. గా ఆకును ఎవడు తెచ్చి పోసిండో, వాని చేతులు పడిపోను!"

ఆ చేతులతోనే కలం తీసి, "రాస్త చెల్లె" అన్నాను.

8. కనుక తమతో మనవి ఏమనగా, ఎర్రయ్యను విడువవలెను. నీళ్లలో మునిగి, కళ్లు మూసుకొని తూము నోరు వెదకగలవాడు మా ఊరిలో అతనొక్కడే. నన్ను విచారించవలెను. శిక్ష ఏది విధించినా, వారానికి ఒకనాడైనా నన్ను చెరువులో దింపుటకు వీలుండునట్లు విధించగలరు. శుక్రవారమైతే అలవాటు. ఈ ఆకును తీసి, ఎండబెట్టి కాల్చుట ఒక్కటే నేను నేర్చిన విద్య.

ఇది మొదట తాము చిత్తగించవలెను, తరువాత లచ్చవ్వ వినవలెను.

తమ విధేయుడు,
ఈదునూరి దేవదాసు,
గడీ చేపలకు వెట్టి చేసినవాడు.

మరొక మాట: లచ్చవ్వకు చదువు రాదు. ఇది తన అర్జీయే అనుకొంటున్నది. ఇప్పుడు కూడా నా గుమ్మం ముందు కూర్చుని ఉన్నది. "గట్టిగ రాసినవా అన్నా?" అని అడిగింది. "రాసిన" అన్నాను. దీన్ని కొంగున ముడివేసుకొని తెస్తుంది. ఆరు కోసుల నడక, నేనూ ఆమె వెంట వస్తున్నాను. దారిలో నా నోటితో చెప్పాలని ఉంది, చెప్పలేననే అనుకొంటున్నాను. కచేరిలో పేష్కారు గారు అర్జీలు పైకి చదువుతారని విన్నాను. ఆరో అంశం మెల్లగా చదవమనండి, ఆమెకు అర్థం కావాలి. చదివినంక జవాన్లను వెంటనే నా మీదికి పంపకండి. ఆమె ఏమన్నా అనాలంటే ముందు అననివ్వండి. సొరకాయ వండలేదు. సంచిలో పెట్టుకొని తెస్తున్నాను, ఆమెకు తిరిగి ఇవ్వాలి.