మూడో క్లచ్ ప్లేటు

మా ఆవిడకు,

ఆశీర్వదించి రాయడానికి నేనంత పెద్దవాణ్ణీ కాదు, నువ్వంత చిన్నదానివీ కాదు కాబట్టి ప్రేమతోనే రాస్తున్నాను. ఇక్కడ ఇల్లూ వాకిలీ, మేడమీద నీ మొక్కలూ క్షేమం. అక్కడ నువ్వూ, కాలు విరిగిన వదినగారూ క్షేమమని తలుస్తాను. క్షేమంగా లేనిది మన కారొక్కటే.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు, కాకపోతే తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. పక్కింటావిడ గిన్నె తిరిగి ఇచ్చేశాను. ఖాళీగా ఇచ్చానని నువ్వు తలబాదుకుంటావని తెలుసు, కానీ అందులో ఏం పెట్టి ఇవ్వను, నేను వండింది పెడితే ఇరుగుపొరుగు సంబంధాలు తెగిపోతాయి. వదినగారు చేతికర్ర పట్టుకోనంటున్నారని రాశావు. మీ ఇంటి ఆడపడుచులకు మొండితనం ఎవరూ నేర్పక్కర్లేదు. ఫోన్‌లో మాట్లాడకుండా ఉత్తరమేమిటని అడుగుతావేమో. నువ్వు స్పీకరు పెడతావు, పక్కన ఆవిడ ఉంటారు, నేను బాగున్నాను బాగున్నాను అంటూ పెట్టేస్తాను. అందుకని.

డ్రైవింగ్ బడి ఎలా నడుస్తోందని అడిగావు. బడి నడవాలంటే కారు నడవాలి కదా. నువ్వు వెళ్ళాక మన కారుకు క్లచ్ ప్లేటు మార్చడం ఇది మూడోసారి.

మొదటిసారి పోయింది పాత వంతెన ఎక్కేచోట. స్టీరింగ్ దగ్గర లెక్కల టీచరమ్మ ఉంది. వచ్చే ఏడు రిటైరవుతుంది, సొంతంగా చిన్న కారు కొనుక్కుని వాకిట్లో పెట్టుకుంది, నడపడం మాత్రం రాదు. ఆవిడ యాక్సిలరేటరు తొక్కుతోంది, ఇంజను గొంతు చించుకుంటోంది, బండి మాత్రం ముందుకు కదలదు. మాడు వాసన. వెనక లారీలవాళ్ళు హారన్లతో మా వంశాన్నంతా తలచుకుంటున్నారు. చివరికి నలుగురు దిగి తోస్తే పక్కకు చేరాం.

మన మెకానిక్కు బోల్టు తన షెడ్డులో గేర్‌బాక్సు దించి చూశాడు. ప్లేటు అరిగి అద్దంలా మెరుస్తోంది. దాన్ని నొక్కి వదిలే బేరింగు కూడా తిరిగినప్పుడల్లా కీచుమంటోంది. అన్నీ కొత్తవి వేశాడు. "ఎవరో పెడల్ మీద కాలు ఆనించి నడుపుతున్నారు రా. తొక్కకపోయినా ఆ బరువు చాలు, ప్లేటు జారి జారి మాడిపోతుంది" అన్నాడు.

ఇంకెవరు, నేర్చుకునేవాళ్ళే అనుకున్నాను. ఆ రోజు నుంచి కారెక్కిన ప్రతివాడికీ ఇదే పాఠం. గేరు పడ్డాక ఎడమకాలు తీసి నేల మీద పెట్టండి, పెడల్ మీద పెట్టి నిద్రపుచ్చకండి. అరిచి అరిచి గొంతు పోయింది. అయినా మళ్ళీ అదే వాసన, అదే జారుడు. ఈసారి కోపం బోల్టు మీదికి మళ్ళింది. నకిలీ సరుకు వేశావన్నాను. వాడు పానా కింద పడేసి, "చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడివి, నువ్వే ఆ మాటంటే ఇంకెవరికి చెప్పుకోను. తీసుకుపో నీ బండి" అన్నాడు. తీసుకుపోయాను. అవతలి వీధి గ్యారేజీలో రెండో ప్లేటు వేయించాను. అదీ పోతే అక్కడే మూడోది వేయించాను.

ఇక టీచరమ్మ సంగతి. ఆవిడ లైసెన్సు పరీక్ష దగ్గరపడింది. మొన్న తిన్నటి రోడ్డు మీద మూడో గేరులో వెళుతుంటే మళ్ళీ ఇంజను రొద పెరిగింది. వంగి చూస్తే ఆవిడ చీర కుచ్చిళ్ళ చాటున క్లచ్ పెడల్ కాస్త కిందికి దిగి ఉంది.

"టీచరుగారూ, కాలు."

"తీసేశాను మాస్టారూ."

"తీస్తే పెడల్ ఎందుకు దిగుతుంది?"

"నాకేం తెలుసు? నా రెండు కాళ్ళూ ఎక్కడున్నాయో మీరే చూడండి."

నేను చూడలేదు. పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళు కూడా అబద్ధాలాడితే ఎలా అన్నాను. ఆవిడ బండి పక్కకు ఆపి, సంచి తీసుకుని, తలుపు మెల్లగా వేసి నడిచి వెళ్ళిపోయింది.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టాను. నీ ఉత్తరంలో ఒక ప్రశ్నకు నేనింకా జవాబు రాయలేదు. పాదాల తిమ్మిరి తగ్గిందా అని అడిగావు.

పెడల్ ఎక్కడో పట్టేస్తోందనుకుని, సిగ్గు చంపుకుని బోల్టు దగ్గరికే వెళ్ళాను. "ఆఖరికి దొంగసరుకువాడే దిక్కయ్యాడా" అంటూనే వాడు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను ఎప్పటిలాగే పక్క సీట్లో. మన బండికి నా వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయని నీకు తెలుసుగా, నేను తొక్కితే అవతలివి కూడా దిగుతాయి. వీధి చివరిదాకా వెళ్ళి వాడు బండి ఆపాడు.

"కాలు తియ్యి రా."

"తీసే ఉంది."

"కిందికి చూడు."

చూశాను. నా ఎడమకాలు చెప్పుతో సహా క్లచ్ పెడల్ మీద తాపీగా కూర్చుని ఉంది. అది నా కాలే. కానీ అక్కడుందన్న కబురు నాకు అందలేదు. తీసి నేల మీద పెట్టాను. బండి కదిలి కాస్త దూరం పోయాక చూసుకుంటే మళ్ళీ అక్కడే ఉంది. బోల్టు బండిని షెడ్డు వైపు తిప్పాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. కూర్చోమనలేదు. తప్పు నాదేనని చెప్పాను. "నా మీద నాకే నమ్మకం పోయింది మాస్టారూ. ఇంట్లో కుర్చీలో కూర్చున్నా నా కాలెక్కడుందో వంగి చూసుకుంటున్నాను" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "డాక్టరుకు చూపించుకున్నారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఇక్కడికెందుకు వచ్చారు, అక్కడికి వెళ్ళక" అని కసిరింది.

మర్నాడు బోల్టే తీసుకెళ్ళాడు. డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. ఎడమ పాదానికి సూది మొన తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. మూసుకుని పడుకున్నాను. ఎదురు చూస్తున్నాను. ఈయనకు తొందర లేదు కాబోలు, ఇంకా మొదలే పెట్టడేమిటని విసుక్కున్నాను కూడా. అప్పుడు భుజం మీద చెయ్యి వేసి, "అయిపోయింది, లేవండి" అన్నాడు.

షుగరు వల్ల నరాలు మొద్దుబారాయట. కుడికాలికి ఇంకా స్పర్శ ఉంది. మందులు వాడి, తిండి అదుపులో పెడితే ఉన్నది నిలుస్తుంది, పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేనన్నాడు. పెడళ్ళ జోలికి పోవద్దన్నాడు. బడికి తాళం వేశాను. క్లచ్ లేని బండి కొని నేర్పుకో అంటాడు బోల్టు. వాడికి ఇంకా జవాబు చెప్పలేదు, చెబితే తిట్టులా ఉంటుంది. ఇన్నాళ్ళూ ప్లేటును తిట్టాను, బోల్టును తిట్టాను, ఆ తల్లిని ఏడిపించాను. ఇప్పుడు కోపం అలాగే ఉంది, ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

వదినగారు నాలుగడుగులు వేయగలిగితే నువ్వు వచ్చెయ్యి. స్టేషనుకు కారు తీసుకురాలేను, బస్సులో వస్తాను. నాకు భయంగా ఉంది. ఈ మాట బోల్టుతో అనలేదు, డాక్టరుతో అనలేదు. నీకే రాస్తున్నాను.

ఇట్లు,
మీ ఆయన