కొండ భాషలో తప్పాను

హాస్టల్, మార్చి 4

అన్నయ్యకు నమస్కారాలు. నేను కులాసా అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, నువ్వు నమ్మకు.

ఈ ప్రాంతీయ అధ్యయనాల స్పెషలైజేషన్ నా ప్రాణం తోడేస్తోంది. నాది చరిత్రలో పీహెచ్‌డీ. పట్టా మీద కొండ ప్రాంతం పేరు కూడా పడాలంటే అదొక్కటీ చాలదట. భూగోళం వాళ్ల దగ్గర రెండు కోర్సులు, ఎకనామిక్స్ వాళ్ల దగ్గర రెండు, కమిటీలో బయటి డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకరు. వీళ్లు వాళ్లనడగమంటారు, వాళ్లు ఆఫీసుకి పొమ్మంటారు, ఆఫీసులో ఆవిడ ఎప్పుడూ భోజనానికే వెళ్లి ఉంటుంది. చెప్పులరిగాక సంతకాలన్నీ అయ్యాయి. ఇక మిగిలింది కొండ భాష పరీక్ష. ఆదివారం ఆదివారం నువ్వు ఫోన్లో నేర్పావుగా, ధీమాగా వెళ్లాను.

చదవడంలో పాసయ్యాను. మాట్లాడడంలో తప్పాను! పరీక్ష చేసిన పెద్దావిడ ఆ కొండల మనిషే. కూర్చోవచ్చా అండీ అనుకుని నేనన్నది, పసిపిల్లలు ఒళ్లోకి ఎక్కించుకోమని మారాం చేసే మాటట. క్షమించండి అనబోయి, అలగకు బంగారం అన్నానట. ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, ఎవరు నేర్పారని అడిగింది. మా అన్నయ్య లారీ డ్రైవరు, అక్కడి టీ కొట్లలో నేర్చుకున్నాడన్నాను. టీ కొట్లలో ఇలా మాట్లాడరే అంది.

మళ్లీ పరీక్ష నెలరోజుల్లో. ఈసారీ తప్పితే ఏడాది గంగలో కలిసినట్టే. ఏం నేర్పావన్నయ్యా నాకు?

నీ చెల్లెలు


లారీ ఆఫీసు, మార్చి 11

చిట్టీ, నీకు ఆశీస్సులు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ ఒళ్లు మండింది. నాలుగు మంచి మాటలంటే తప్పిస్తారా? అదేం పరీక్ష! నాకు బండి లైసెన్సు కూడా ఇంత సతాయించి ఇవ్వలేదు. సరే, అరిచి లాభం లేదు. ఆ కొండల్లో బడి పంతులమ్మ ఒకామె నాకు తెలుసు. వచ్చే సోమవారం నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసి, పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి నేర్పుతానంది. బుద్ధిగా నేర్చుకో. విసుక్కోకు.

మీ అన్నయ్య

తా.క.: టీ కొట్ల మాట అబద్ధం. ఆ పంతులమ్మ నీ వదిన. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఆ ఏడాదే నాన్నకు గుండె ఆపరేషనయింది, చెప్పలేకపోయాను, ఆ తర్వాత ఏ ఏటికాయేడు నోరు రావడం మరీ కష్టమైంది. లోడు దొరకలేదని మీకు చెప్పి ఆగిపోయిన రోజులన్నీ అక్కడే ఉన్నాను. మాకొక పాప, ఏడేళ్లు. ఆ భాషలో నేను ఎక్కువగా మాట్లాడేది దాంతోనే, అందుకే నాకొచ్చింది అంతే. ఫోన్ పక్కనే కూర్చుంటానని ఇప్పటికే పేచీ పెడుతోంది, నువ్వు తప్పు పలికితే నవ్వుతుంది. నాన్నకు ఈ నెలలో నేనే చెప్తాను. అప్పుడు నువ్వు నా పక్కన నిలబడాలి.